కాడ్మియం రేకు పరిగెత్తదు: ఎండల్లో ఎక్స్‌రే స్పెక్ట్రోమీటర్ క్యాలిబ్రేషన్‌కి జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ల్యాబ్‌లో రోలు లేదు గానీ ఎక్స్‌రేల్ని తరంగదైర్ఘ్యాల వారీగా విడగొట్టే స్పెక్ట్రోమీటర్‌లో వంచిన క్వార్ట్జ్ క్రిస్టల్ ఒకటుంది, అది పగల్లేదు, సాగింది. మూడేళ్ల కిందట మే నెలాఖరున ఒక శుక్రవారం సాయంత్రం ఎవరో పాపం కరెంటు ఆదా చేద్దామని గది ఏసీ ఆపేసి వెళ్లారు, శని ఆదివారాలు బయట నలభై దాటిన ఎండ, సోమవారం పొద్దున్నే నేనొచ్చి ఏసీ వేసి, పది నిమిషాల్లో ఒంటికి చల్లగా తగిలేసరికి అంతా బాగుందనుకుని క్యాలిబ్రేషన్ రన్, అంటే తెలిసిన రేఖతో పరికరాన్ని సరిచూసుకునే రన్, పెట్టేశాను. ప్రోగ్రామ్ ఏం చెప్పిందంటే, బల్ల మీద నాలుగు స్క్రూలతో బిగించి ఉన్న కాడ్మియం రేకు సెకనుకి ఇరవై కిలోమీటర్ల వేగంతో మా మీదికి దూసుకొస్తోందట.

నవ్వొచ్చే విషయమే. కానీ అదే పొరపాటు టొకమాక్ (మహా వేడి అయాన్ల వాయువుని, అంటే ప్లాస్మాని, అయస్కాంతాలతో పట్టి ఉంచే ఫ్యూజన్ యంత్రం) దగ్గర జరిగి ఉంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు, ఎందుకంటే ప్లాస్మా సెకనుకి ఇరవై కిలోమీటర్లు తిరుగుతోందంటే నమ్మేస్తారు. ఈ సీజన్‌లో క్రిస్టల్ సర్దుకుని గాంధీనగర్‌లో ఆదిత్య-యు టొకమాక్ లాంటి మెషీన్ దగ్గరికి వెళ్లబోయే హైదరాబాద్ పిల్లలకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి కడుతున్న ఇటర్ టొకమాక్‌కి మన దేశం కట్టి ఇవ్వాల్సిన పరికరాల్లో కూడా ఎక్స్‌రే క్రిస్టల్ స్పెక్ట్రోమీటర్లు ఉన్నాయి కాబట్టి ఈ తలనొప్పి రాబోయే రోజుల్లో ఇంకా చాలామందికి వస్తుంది.

ముందు లెక్క చూద్దాం, అది అర్థమైతే మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్లాస్మా వేడిని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెబుతారు, ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే దాదాపు 1.16 కోట్ల డిగ్రీలు, అంత వేడిలో పెట్టడానికి థర్మామీటర్ లేదు. అందుకే ప్లాస్మాలో చిటికెడు ఆర్గాన్ వదులుతారు. లోపలి వేడికి దాని 18 ఎలక్ట్రాన్లలో 16 ఊడిపోయి రెండే మిగులుతాయి, ఆ అయాన్ నుంచి 3.949 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, అంటే 3.14 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక గట్టి రేఖ, అంటే ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర గుమిగూడిన ఎక్స్‌రే వెలుగు, వస్తుంది. ఆ రేఖ ఎంత వెడల్పైతే అయాన్లు అంత వేడిగా ఉన్నట్టు, రేఖ మొత్తంగా పక్కకి జరిగితే ప్లాస్మా తిరుగుతున్నట్టు. క్వార్ట్జ్‌లో 110 అనే అణు పొరల (తలాల) మధ్య దూరానికి రెట్టింపు, అంటే 2డి విలువ, 4.913 ఆంగ్‌స్ట్రామ్‌లు కాబట్టి ఆ రేఖని క్రిస్టల్ తిప్పికొట్టే కోణం, అంటే బ్రాగ్ కోణం, 53.5 డిగ్రీల దగ్గర పడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ తలాలకి అడ్డంగా క్వార్ట్జ్ ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో సుమారు 14 వంతులు సాగుతుంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. రేఖ తన తరంగదైర్ఘ్యంలో ఎన్నో వంతు జరిగితే కాంతి వేగంలో అన్నో వంతు వేగం ఉన్నట్టు లెక్క, కాబట్టి దాన్ని కాంతి వేగంతో గుణించండి, సెకనుకి నాలుగు కిలోమీటర్లకి పైనే వస్తుంది. అంటే క్రిస్టల్ ఒక్క డిగ్రీ వేడెక్కితే, ఎక్కడా ఏదీ కదలకుండానే, నాలుగు కిలోమీటర్ల దొంగ వేగం పుడుతుంది. వంపు వ్యాసార్ధం 1.4 మీటర్లున్న క్రిస్టల్, 172 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న డిటెక్టర్ అనుకుంటే ఇది పిక్సెల్‌లో ఎనిమిదో వంతు మాత్రమే, స్క్రీన్ మీద కంటికి కనిపించదు, ఫిట్‌లో మాత్రం ఠంచనుగా కనిపిస్తుంది. నా సోమవారం ఇరవై కిలోమీటర్లంటే క్రిస్టల్ ఇంకా అయిదు డిగ్రీల వేడి మీదే ఉందన్నమాట.

గది చల్లబడింది కదా, క్రిస్టల్ ఎందుకు చల్లబడలేదు అని అడుగుతారు. అది వాక్యూమ్‌లో ఉంది. చుట్టూ గాలి లేదు, పట్టుకున్న క్లాంపు తాకే చోటు తక్కువ, వేడి బయటికి పోవడానికి దారి లేదు, కాబట్టి గంటలు పడుతుంది. మీ ఒంటికి చల్లగా తగిలితే అది మీ ఒంటి సంగతి. పీటీ-100 ఉష్ణోగ్రత సెన్సర్‌ని చాంబర్ బయటి గోడకి అంటించి మురిసిపోకండి, క్రిస్టల్ హోల్డర్‌కే అంటించండి, వీలైతే రెండు చోట్ల, ప్రతి ఎక్స్‌పోజర్‌తో పాటు ఆ రీడింగ్ అదే ఫైల్లో పడేలా చూసుకోండి. వేరే నోట్‌బుక్‌లో రాస్తాం సార్ అన్నవాళ్ల నోట్‌బుక్ సరిగ్గా కావలసిన రోజున దొరకదు.

ఇంకో మాట. పుస్తకంలో ఉన్న 14 పట్టుకుని దిద్దుబాటు చేసేస్తే సరిపోదు, ఎందుకంటే సాగేది క్రిస్టల్ ఒక్కటే కాదు, దాన్ని మోస్తున్న అల్యూమినియం పలక డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు సాగుతుంది, డిటెక్టర్ స్టాండు దారి దానిది, అన్నీ కలిసి చివరికి రేఖని ఎటు లాగుతాయో మీ సెటప్ మాత్రమే చెప్పగలదు. ఏసీని 20 నుంచి 28 దాకా ఒక్కో మెట్టు మారుస్తూ, ప్రతి మెట్టు దగ్గర సగం రోజు ఆగి, కాడ్మియం రేఖ ఎక్కడ పడిందో చూసి గ్రాఫ్ గీయండి. వారం పడుతుంది, బోరు కొడుతుంది. అయినా ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే పని చేస్తామంటే ఇదే చేయమంటాను.

కాడ్మియమే ఎందుకంటే దాని ఎల్-ఆల్ఫా అనే ఎక్స్‌రే రేఖ 3.956 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, ఆర్గాన్ రేఖకి గోడ పక్క ఇల్లులా ఉంటుంది. ఎక్స్‌రే ట్యూబ్ వెలుగు రేకు మీద పడితే చాలు, రేఖ వస్తుంది. కానీ దాన్ని రేఖ కేంద్రం కనుక్కోవడానికే వాడండి, పరికరం సొంత వెడల్పు కొలవడానికి వాడకండి. దాని సహజ వెడల్పే ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర ఆర్గాన్‌కి అయాన్ల కదలికల వల్ల వచ్చే డాప్లర్ వెడల్పు కన్నా ఎక్కువ, లావాటి పెన్సిల్‌తో సన్న గీత గీసినట్టుంటుంది. ఎక్స్‌పోజర్ నడుస్తుండగా క్రిస్టల్ వేడి మారితే రేఖ అలుక్కుపోయి ఇంకా లావవుతుంది, షాట్‌లో (టొకమాక్‌లో ఒక్కసారి ప్లాస్మా వెలిగించడాన్ని షాట్ అంటాం) అదే జరిగితే దాన్ని మీరు అయాన్ల వేడి అనుకుంటారు. రేకు విషం కూడా, ఆకురాయితో గీకడం, వేడి చేయడం లాంటివి పెట్టుకోవద్దు, గ్లవ్స్ లేకుండా తాకొద్దు.

ఎండల తర్వాత గాలివానలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగింటికి మబ్బు పట్టి, అయిదింటికి చెట్లు విరిగి, ఆరింటికి కరెంటు పోవడం మన ఊళ్లో కొత్త కాదు. పెద్ద రన్‌లు తెల్లవారుజామున పెట్టుకోండి, అప్పుడు గది కూడా నిలకడగా ఉంటుంది. కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టి డిటెక్టర్‌ని చల్లబరిచే చిల్లర్‌ని మామూలు లైన్ మీద వదిలేసేవాళ్లని చూశాను, కరెంటు పోతే కంప్యూటర్ హాయిగా నడుస్తూనే ఉంటుంది, డిటెక్టర్ ఉడుకుతుంటుంది. ట్యూబ్ కొన్ని వారాలు ఖాళీగా ఉన్నాక ఒక్కసారిగా పూర్తి వోల్టేజికి తీసుకుపోవద్దు, తయారీదారు చెప్పిన వార్మప్ మెట్లన్నీ ఓపిగ్గా ఎక్కించండి.

మృగశిర వచ్చి నాంపల్లిలో చేప మందు క్యూ కట్టిందంటే మాకు తేమ సీజన్ మొదలైనట్టు లెక్క. క్వార్ట్జ్‌కి తేమతో పేచీ లేదు. థాలియం, పొటాషియం యాసిడ్ థాలేట్ క్రిస్టల్స్ వాడేవాళ్లు మాత్రం సిలికా జెల్ రంగు రోజూ చూసుకోవాలి, వాటి ముఖం మీద తడి పడితే మళ్లీ పాత మెరుపు రాదు. చల్లబరిచే డిటెక్టర్లకి పొడి నైట్రోజన్ ఆడుతూ ఉండాలి, సిలిండర్ సగానికి వచ్చినప్పుడే కొత్తది చెప్పుకోండి. హై వోల్టేజి కనెక్టర్ల దగ్గర సన్నగా చిటపట వినిపిస్తే అది వాన చినుకు కాదు.

క్రిస్టల్‌తో పని లేకుండా ఎక్స్‌రే ఎనర్జీని నేరుగా కొలిచే సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టర్ కూడా పట్టుకెళ్తుంటే దాని కథ వేరు. అందరూ ఐరన్-55 అనే రేడియోధార్మిక సోర్స్ ఒకటి ముందు పెట్టి 5.90, 6.49 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రెండు శిఖరాలు చూసి, గీత గీసి, అయిపోయిందంటారు. పక్కపక్కనే ఉన్న రెండు గుంజలకి తాడు కట్టి కిలోమీటరు దూరంలో ఇల్లు ఎక్కడుందో చెప్పినట్టుంటుంది ఆ పని. మనకి కావలసింది 3 దగ్గర, కాబట్టి కిందవైపు కూడా గుంజలు పాతాలి. టైటానియం రేకు 4.51 ఇస్తుంది, రాగి 8.05, ఇక 2.62కి క్లోరిన్ కావాలంటే వంటింట్లో ఉప్పుంది. కిరాణా కొట్లో దొరికే లో-సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, దాని చిటికెడు పొడి టేపు మీద అద్దితే 2.62తో పాటు 3.31 కూడా వస్తుంది, ఒక దెబ్బకి రెండు పిట్టలు. వానాకాలంలో ఉప్పు చెమ్మ పీలుస్తుంది కాబట్టి చాంబర్‌లో పెట్టే ముందు ఆరబెట్టండి, లేకపోతే వాక్యూమ్ పంపు మిమ్మల్ని తిట్టుకుంటుంది.

4.16 దగ్గర చిన్న శిఖరం కనిపిస్తే స్కాండియం దొరికిందని సంబరపడకండి, అది 5.90లోంచి డిటెక్టర్‌లోని సిలికాన్ 1.74ని తన సొంత ఎక్స్‌రేగా బయటికి ఎగరగొట్టగా మిగిలింది. ఒక జూనియర్ దాని మీద ఒక స్లైడ్ కూడా చేశాడు, ఆ జూనియర్ నేనే. షాట్‌లో వాడబోయే పీకింగ్ టైమ్‌తోనే (ఒక్కో ఎక్స్‌రే సంకేతాన్ని మలచడానికి ఎలక్ట్రానిక్స్ తీసుకునే సమయం) క్యాలిబ్రేషన్ చేయండి, టైమ్ మారిస్తే గెయిన్ కూడా కొంచెం జరుగుతుంది. సోర్స్ బలాన్ని బట్టి సామర్థ్యం లెక్కేసేవాళ్లు తేదీ చూసుకోవాలి, ఐరన్-55 సగం ఆయుష్షు 2.74 ఏళ్లు, అయిదున్నరేళ్ల కిందట కొన్నదాంట్లో ఇప్పుడు పావు వంతే మిగిలి ఉంటుంది. ఇంకా 3 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రేని అయిదారు సెంటీమీటర్ల గాలే మూడింట రెండొంతుల దాకా మింగేస్తుంది, సోర్స్‌కీ డిటెక్టర్‌కీ మధ్య ఖాళీ గాలి వదిలేసి కౌంట్లు రావట్లేదని ఎలక్ట్రానిక్స్ విప్పడం మొదలుపెట్టకండి.

ఇప్పుడు నవ్వు పక్కన పెట్టండి. క్యాలిబ్రేషన్‌లో మనుషులకి దెబ్బ తగిలేది ట్యూబ్ దగ్గరే. 40 కిలోవోల్టుల ట్యూబ్ నుంచి నేరుగా వచ్చే కిరణంలో వేలు పెడితే సెకన్లలోనే చర్మం కాలేంత డోసు పడుతుంది, నొప్పి అప్పుడు తెలియదు, రోజుల తర్వాత బొబ్బ లేస్తుంది. ఎలైన్‌మెంట్ చేసేటప్పుడు తలుపు మాటిమాటికీ తెరవాల్సి వస్తోందని తలుపు తెరిస్తే ఎక్స్‌రేని ఆపేసే ఇంటర్‌లాక్‌కి టేపు వేయడం నేను కళ్లారా చూశాను, వేసినవాడు తెలివైనవాడే, తొందరలో ఉన్నాడు. మీ పక్కనుండే సీనియర్ అయినా సరే ఆ పని చేస్తుంటే "అన్నా, ఆపు" అనండి. ఎలైన్‌మెంట్‌లో చేతనైనంత లేజర్‌తో చేసుకుని, చివరి కొసమెరుపుకే ఎక్స్‌రే వేయండి. మందపాటి గోడ ఉన్న జీఎం (గైగర్-ముల్లర్) రేడియేషన్ మీటర్‌కి తక్కువ ఎనర్జీ ఎక్స్‌రే అసలు తెలియదు, పలచని కిటికీ ఉన్నది పట్టుకుని లీక్ చూడండి. ఒంటికి తగిలిన డోసుని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ మీద ఉండాలి, ల్యాబ్ కోటుకి తగిలించి ట్యూబ్ గదిలోనే వదిలేసి ఇంటికి వెళితే డోసు మీది కాదు, కోటుది. మన దేశంలో ఈ పని చేసేవాళ్లకి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు అన్నది అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టిన పరిమితి. ఇంత చిన్న క్యాలిబ్రేషన్ పనిలో దాని దరిదాపులకి కూడా వెళ్లకూడదు, బ్యాడ్జి రిపోర్టులో సున్నా కాక ఏదైనా కనిపిస్తే సిగ్గుపడకుండా రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ దగ్గర కూర్చోండి.

ఎక్స్‌రేలు దాటి వచ్చే పలచని బెరిలియం కిటికీ గురించి మూడు ముక్కలు: తాకొద్దు, తుడవొద్దు, వాక్యూమ్ నెమ్మదిగా లాగండి. పగిలితే చీపురు పట్టుకుని పరిగెత్తొద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, గది మూసి చెప్పవలసినవాళ్లకి చెప్పండి.

ఇక ప్రయాణం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఇంట్లో గెలిచిన రేఖ రచ్చకి చేరేసరికి అదే చోట ఉండదు. పెట్టెలో చవకరకం టెంపరేచర్ లాగర్ ఒకటి, కుదుపులు చూపే స్టిక్కర్ ఒకటి పడేయండి. రేడియోధార్మిక సోర్స్‌ని బ్యాగులో వేసుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కేద్దాం అనుకునే మహానుభావులున్నారు, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ సంతకం లేకుండా దాన్ని గది గడప దాటించొద్దు, అక్కడున్న సోర్స్‌తోనే పని జరుపుకోండి. కాడ్మియం రేకు మాత్రం ఇక్కడ వాడినదే తీసుకెళ్లండి. మెషీన్‌కి బిగించాక షాట్లు మొదలవక ముందు ఒక స్కాన్, సాయంత్రం షాట్లు అయ్యాక ఇంకో స్కాన్, రోజూ. రెండూ కలవకపోతే ఆ రోజు వేగాల పక్కన అంత తేడా రాసేయండి, దాచొద్దు. ఇన్ని చేసినా సున్నా వేగం ఎక్కడుందో ట్యూబ్ పూర్తిగా చెప్పలేదు, అందుకే కొన్ని మెషీన్ల దగ్గర లాక్డ్ మోడ్ అనే అలజడి వచ్చి ప్లాస్మా తిరగడం ఆగిపోయిన షాట్లని సున్నా కింద తీసుకుంటారు. మిగతావాళ్లకి చెడిపోయిన షాట్ అది, మీకు మాత్రం బంగారం, కంట్రోల్ రూమ్‌లో అందరూ మొహాలు వేలాడేసినప్పుడు మీరు షాట్ నంబరు రాసుకోండి.

పెట్టె చేరిన రాత్రే తెరవాలని చేతులు దురద పెడతాయి. ట్రక్కులో 45 డిగ్రీలు చూసొచ్చిన క్రిస్టల్ అది. స్నానం చేసి, భోంచేసి పడుకోండి, పెట్టెని ఏసీ హాల్లో మూసే ఉంచి పొద్దున్న తెరవండి.