అమ్మకి నడుం పట్టేస్తే మంచం ఎక్కించేయకండి

మా అమ్మకి 71 ఏళ్ళు. మొన్న ధనుర్మాసంలో ముగ్గేస్తా వంగింది, అంతే, నడుం పట్టేసింది. నువ్వు కదలకు అని అందరం కలిసి మూడు వారాలు మంచం దిగనివ్వలేదు, నొప్పి కాస్త తగ్గింది గానీ తీరా చూస్తే బాత్రూంకి కూడా గోడ పట్టుకుని వెళ్తోంది. ఆ వయసులో పడుకోబెడితే తొడల్లో కండ ఎంత స్పీడుగా కరిగిపోద్దో మాకప్పుడు తెలీదు.

సరే, మీ ఇంట్లో ఎవరికైనా ఇలా నడుం నొప్పి వస్తే ముందు ఇవి చూడండి. ఒంటేలు ఆగిపోవడం లేదా తెలీకుండానే కారిపోవడం, తొడల మధ్య తిమ్మిరి, కాల్లో బలం పోవడం, వీటిలో ఏదున్నా అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. జ్వరం, ఊరికే బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ వచ్చుండటం, జారిపడటం ఉన్నా డాక్టర్‌కి చెప్పాలి. ఎముకలు గుల్లబారినోళ్ళకి చిన్న కుదుపుకే వెన్నుపూస చితికిపోవచ్చు. అందుకే ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళని పిలిచి నడుం తొక్కించే పని మాత్రం వద్దు, మా పక్కింటి పెద్దమ్మ అప్పటికే ఒకర్ని పిలిచేసింది కూడా!

ఇవేం లేకపోతే "ఎంత నొప్పి" అని రోజూ అడగడం మానేసి, ఏయే పనులు మానేసిందో రాసుకోండి. మా అమ్మ లిస్టు: గుడి మెట్లు, కింద కూచోడం, రాత్రిపూట బాత్రూం. ఇక వాటిమీదే పనిచేయాలి.

మాకు బాగా పనికొచ్చింది కుర్చీ. చేతుల్లేని చెక్క కుర్చీ గోడకి ఆనించి పెట్టి, అమ్మని కాస్త ముందుకి జరిగి కూచోమని, పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్ళ మీదకొచ్చేలా వంగి లేవమన్నాం. మొదట్లో మోకాళ్ళ మీద చేతులు నొక్కి లేచేది, పర్లేదు. పొద్దున 5, సాయంత్రం 5. నాలుగు రోజులకోసారి ఒకటి పెంచాం. పక్కన మనిషి ఉండాలి. దీంతోపాటు వరండాలో ఐదేసి నిమిషాల నడక, రోజుకి మూడుసార్లు. నడిస్తే కాళ్ళు లాగేసి, కూచున్నా ముందుకి వంగినా హాయిగా ఉంటే నరాల దారి ఇరుకైందేమో చూపించాలి, అలాంటోళ్ళు నొప్పి బాగా ముదరకముందే ఆగి కూచుని మళ్ళీ నడవాలి.

మంచం మోకాలి ఎత్తుండాలి, నవారు జారి ఉయ్యాల్లా అయిపోతే బిగించండి. లేచేటప్పుడు పక్కకి తిరిగి కాళ్ళు కిందకి వదిలి చేత్తో నెట్టుకుని లేవాలి, వెల్లకిలా ఉన్నది ఉన్నట్టు లేవకూడదు. బిందె సగమే నింపండి.

పెయిన్ కిల్లర్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చి వారాల తరబడి మింగించకండి, కిడ్నీ, కడుపు, బీపీ మూడింటికీ దెబ్బే, జెల్ రాయడం కాస్త నయం. కాపడం మంచిదే గానీ షుగర్‌తో స్పర్శ తగ్గినోళ్ళకి కాలినా తెలీదు. బెల్టు నేనూ కొన్నా, బీరువాలో పడుంది. మొండి నడుం నొప్పికి బెల్టులూ ట్రాక్షనూ (బరువులు కట్టి నడుం లాగడం) మామూలుగా వాడొద్దనే 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. ఎమ్మారైలో డిస్క్ అరిగిందని రాస్తే కంగారుపడకండి, ఆ వయసులో నొప్పి లేనోళ్ళకీ అలాగే కనిపిస్తది.

నెలన్నర చేసినా లిస్టులో ఒక్కటీ తిరిగి రాకపోతే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికెళ్ళండి, వెళ్ళేటప్పుడు ఆ లిస్టు కూడా పట్టుకెళ్ళండి.