ఇద్దరూ పెళ్లికూతుళ్లే: హైదరాబాద్‌లో మన పెళ్లి బట్టలు ఎలా కొనుక్కోవాలి

పెళ్లి షాపింగ్ గురించి తెలుగులో బోలెడంత రాశారు. అన్నింట్లోనూ ఒక పెళ్లికూతురు, ఒక పెళ్లికొడుకు. ఇద్దరు అమ్మాయిలు పెళ్లి చేసుకుంటే చీరలు ఎలా ఎంచుకోవాలి, టైలర్‌కి ఏం చెప్పాలి, ఫంక్షన్ హాల్లో ఎవరు ఏ గదిలో తయారవ్వాలి అనేది చెప్పినవాళ్లు నాకు కనిపించలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాది హనుమకొండ, తనది సికింద్రాబాద్. మాది హిందూ కుటుంబం, వాళ్లది తెలుగు క్రైస్తవ కుటుంబం. నాకు పట్టుచీర కావాలి, తనకి చిన్నప్పట్నుంచీ తెల్ల గౌను మీదే మనసు. రెండింటి గురించీ చెబుతాను.

ముందు చట్టం సంగతి. 2018 సెప్టెంబర్ 6న 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మన బంధం నేరం కాదని తేలిపోయింది. 2023 అక్టోబర్ 17 తీర్పులో మాత్రం మన పెళ్లికి చట్టంలో గుర్తింపు ఇవ్వడం తమ పని కాదని, అది పార్లమెంటు చూసుకోవాలని అదే కోర్టు చెప్పింది. ఆ కేసు వేసినవాళ్లలో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్ వాళ్లే. 2021 డిసెంబర్‌లో అయినవాళ్లందరి మధ్యా ఇక్కడే వేడుక చేసుకున్నారు. కాబట్టి మనకి సర్టిఫికెట్ రాదు కానీ, వేడుక చేసుకోవడంలో నేరమేమీ లేదు. హాల్ మేనేజర్ సందేహంగా చూస్తే నెమ్మదిగా ఈ మాటే చెప్పండి.

ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పక్కర్లేదు

షాపులోకి ఇద్దరు అమ్మాయిలు వెళ్లి పెళ్లి పట్టుచీరలు చూపించమంటే మొదటి ప్రశ్న ఒకటే: "పెళ్లికూతురు ఎవరమ్మా?" "ఇద్దరమూ" అంటే చాలు. అక్కాచెల్లెళ్లకి ఒకే ముహూర్తానికి పెళ్లిళ్లు అనుకుని ఆయన చీరలు దించేస్తాడు. సరిచేయాలనిపిస్తే సరిచేయండి, లేకపోతే లేదు. చీర అమ్మే మనిషికి మన సంగతి చెప్పి తీరాల్సిన పని లేదు. కానీ మన ఒంటి మీద చెయ్యి వేసేవాళ్లకి, ఆ రోజంతా మన పక్కనే ఉండేవాళ్లకి తప్పకుండా తెలియాలి. అంటే బ్లౌజ్ కుట్టే ఆవిడ, గౌను కుట్టే మాస్టర్, మేకప్ అమ్మాయి, ఫొటోగ్రాఫర్, హాల్ మేనేజర్. వీళ్లకి అడ్వాన్స్ ఇవ్వకముందే చెప్పండి. ఫోన్‌లో చెబితే ఇంకా మంచిది. ఇష్టం లేనివాళ్లు డేట్ ఖాళీ లేదంటారు, మనకి ఒక తిరుగుడు తప్పుతుంది.

మా టైలరక్కకి చెప్పినప్పుడు నా గుండె దడదడలాడింది. ఆమె టేప్ మెడలో వేసుకుని, "అయితే రెండు జాకెట్లూ ఒక్కనాడే ఇయ్యాల్నా? ముందుగాల చెప్పుర్రి, నా పని నాకుంటది" అంది. అంతే. ఇంకోచోట, పెద్ద బొటీక్‌లో, విషయం విన్నాక ట్రయల్ రోజులు వాయిదా వేస్తూ పోయారు. అడ్వాన్స్‌కి బిల్లు తీసుకున్నాం కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది. బిల్లు మీద డెలివరీ తేదీ, ఎన్ని ట్రయల్స్, ఆర్డర్ రద్దయితే ఎంత తిరిగిస్తారు అనేవి రాయించుకోండి. ఎవరి పెళ్లికైనా ఇది అవసరమే, మనకి ఇంకా అవసరం.

ఎప్పుడు కొనాలి

ఆషాఢం. ముహూర్తాలు ఉండవు కాబట్టి అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా డిస్కౌంట్ బోర్డులే. అంతకన్నా ముఖ్యం, మగ్గం వర్క్ చేసేవాళ్లకి అప్పుడు కాస్త తీరిక ఉంటుంది. శ్రావణం మొదలైతే వాళ్లు ఫోన్ కూడా ఎత్తరు. మనకి కావలసినవి రెండు పెళ్లికూతుళ్ల బ్లౌజులు, అంటే పని కూడా రెట్టింపు. పెళ్లికి కనీసం రెండు నెలల ముందు చీరలు మగ్గం దగ్గర ఉండాలి. షాపులకి శనాదివారాలు వద్దు, వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి. పక్కన చుట్టాల గుంపులు లేనప్పుడే మనకిష్టమైనట్టు మాట్లాడుకోగలం.

పట్టుచీరలు

ఇద్దరికీ ఒకే రంగు తీసుకోకండి. ఫొటోల్లో ఎవరి చీర ఎక్కడ మొదలైందో తెలియదు, తలంబ్రాలప్పుడు మరీనూ. అలాగని ఒకరిది ధగధగలాడే కంచిపట్టు, ఇంకొకరిది నాజూకు ఆర్గంజా అయితే, ఒకరు పెళ్లికూతురు, ఇంకొకరు తోడిపెళ్లికూతురు అనుకుంటారు. నాకు బాగా నచ్చిన ఉపాయం రంగులు ఇచ్చిపుచ్చుకోవడం. నా చీర ఎరుపు, అంచు ఆకుపచ్చ. తనది ఆకుపచ్చ, అంచు ఎరుపు. ఒకే నేత, దాదాపు ఒకే వెడల్పు అంచు, జరీ ఒకే ఛాయ. షాపు కుర్రాడు రెండూ పక్కపక్కన పరిచి, నా కొంగు తన చీర మీదకి వేసినప్పుడు ఇంకేం వెతకక్కర్లేదని ఇద్దరికీ అర్థమైపోయింది.

జరీ ఛాయ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఒకటి పసుపు బంగారంలా, ఇంకొకటి వెండి కలిసినట్టు ఉంటే పక్కపక్కన నిలబడినప్పుడు ఒకటి పాతదిలా కనిపిస్తుంది. షాపు లైట్ల కింద ఇది తెలియదు. రెండు చీరలూ గుమ్మం దగ్గరికి తెప్పించి పగటి వెలుగులో చూడండి. అడిగితే కాదనరు. పట్టుకి సిల్క్ మార్క్ లేబుల్ (అది అసలు పట్టేనని చెప్పే గుర్తు) ఉందో లేదో చూడండి. అసలు జరీయా, టెస్టెడ్ జరీయా (రాగి తీగతో చేసే చవక రకం) అని సూటిగా అడిగి, వాళ్లు చెప్పింది బిల్లులో రాయమనండి. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ, దాని మీద బంగారు పూత. ధరలో తేడా అక్కడే వస్తుంది.

బరువు కూడా చూసుకోండి. చీర భుజం మీద వేసుకుని కాసేపు అటూ ఇటూ నడవండి. బరువు మోయలేననుకుంటే గద్వాల పట్టు చూడండి, హుందాగా ఉంటుంది, తేలిక. మన తెలంగాణ నేతల్లో గద్వాలతో పాటు పోచంపల్లి ఇక్కత్ కూడా ఉంది. పెళ్లిపీటల మీద అది తక్కువగా కనిపిస్తుంది కానీ ఇద్దరూ కడితే చూడముచ్చటగా ఉంటుంది.

చీర కట్టుకోవడమే ఇష్టం లేకపోతే షేర్వాణీయో, బంద్‌గలానో కుట్టించుకోండి. అయితే మగవాళ్ల రెడీమేడ్ సైజు తెచ్చి సరిచేయించొద్దు. ఛాతీ దగ్గర, నడుం దగ్గర ఎప్పటికీ కుదరదు. ఆడవాళ్ల కొలతలతో సూట్లు కుట్టే మాస్టర్‌నే వెతకండి.

బ్లౌజ్ దగ్గర ఒక్క మాట. ఇద్దరి మెడలూ, చేతులూ ఒకేలా ఉండక్కర్లేదు. నాకు మోచేతి దాకా చేతులు, వీపు మీద చిన్న గుండ్రం. తనకి పొట్టి చేతులు, బోట్ నెక్. వర్క్‌లో వాడే పూసలు, కుందన్ మాత్రం ఒకే రంగువి తీసుకుంటే జత కుదురుతుంది. కొలతలకి సరిగ్గా పట్టే పాత బ్లౌజ్ ఒకటి ఇవ్వండి. కుట్టులో లోపల గుడ్డ వదలమనండి, పెళ్లి టెన్షన్‌లో ఒళ్లు ఎటైనా పోతుంది.

మధుపర్కాలు

ఇది ఎవరూ ముందుగా ఆలోచించరు. షాపుల్లో మధుపర్కాలు సెట్‌గా అమ్ముతారు, ఎర్రంచు తెల్లచీర ఒకటి, పంచె ఒకటి. మనకి కావలసింది రెండు చీరలు. పెద్ద షాపుల్లో విడిగా అడిగితే ఇస్తారు. లేదంటే రెండు సెట్లు కొని పంచెలు నాన్నలకి పెట్టండి. మేం అలాగే చేశాం. వాళ్ల నాన్నగారు ప్యాంటూ షర్టూ తప్ప ఇంకోటి వేసి ఎరగరు, అయినా ఆ పంచె కట్టుకుని వచ్చారు. తెల్లచీరలు రెండూ ఒకే తానువి అయ్యేలా చూడండి, తెలుపులో కూడా తేడాలుంటాయి.

మన పెళ్లి తంతులో ముఖ్యమైనవి ఇద్దరూ ఒకరికొకరు చేసుకునేవే. జీలకర్ర బెల్లం ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు పెట్టుకుంటారు, తలంబ్రాలు ఇద్దరూ పోసుకుంటారు. ఇందులో ఎవరు పెళ్లికొడుకు అనే ప్రశ్నే రాదు. తాళి దగ్గర మాత్రం ముందే మాట్లాడుకోవాలి. మనకి పుస్తెలు రెండుంటాయి కదా, పుట్టింటిది ఒకటి, అత్తింటిది ఒకటి. మేం రెండు తాళ్లు చేయించుకుని ఒకరికొకరు కట్టుకున్నాం. ఒక్కో దాంట్లో మా ఇంటి పుస్తె ఒకటి, వాళ్లింటి శిలువ గుర్తు పుస్తె ఒకటి. బంగారానికి హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ కోడ్ (ఒక్కో నగకి ఇచ్చే విడి గుర్తింపు) ఉండాలి. 2023 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి.

గౌను

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో తెల్లచీర, ముసుగు వేసుకునే పెళ్లికూతుళ్లూ ఉన్నారు, గౌను వేసుకునేవాళ్లూ ఉన్నారు. సికింద్రాబాద్ వైపు కుట్టేవాళ్లూ, అద్దెకిచ్చేవాళ్లూ దొరుకుతారు. ఒక్క సాయంత్రానికైతే అద్దె మంచిది. దాచుకోవాలనుకుంటే కుట్టించుకోండి.

వీపు దగ్గర జిప్ ఉన్నదాని కన్నా తాళ్లు అల్లి బిగించేది తీసుకోండి. అంగుళం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. లోపలి లైనింగ్ కాటన్‌దే కావాలని పట్టుబట్టండి. మన ఊరి ఎండకి పాలిస్టర్ శాటిన్ ఒంటికి అతుక్కుపోతుంది. నేల మీద జీరాడే వెనక భాగం కావాలంటే దాన్ని పైకి మడిచి తగిలించుకునే హుక్కులు పెట్టించండి. లేకపోతే భోజనాల దగ్గర అందరూ దాని మీదే నడుస్తారు. ట్రయల్‌కి వెళ్లేటప్పుడు పెళ్లిరోజు వేసుకునే లోదుస్తులు, చెప్పులు రెండూ పట్టుకెళ్లండి. కింది అంచు కొలత చెప్పులు వేసుకున్నాకే తీయాలి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే సరిపోదు. కూర్చోండి, మెట్లెక్కండి, రెండు చేతులూ పైకెత్తండి. ఒకరినొకరు గట్టిగా కౌగిలించుకుని చూడండి, పూసలు గుచ్చుకుంటాయో లేదో అప్పుడే తెలుస్తుంది. మాకు తన గౌను ముందువైపు పూసలు నా బ్లౌజ్ వర్క్‌లో చిక్కుకున్నాయి. మాస్టర్ అక్కడివి తీసేసి లేసు కుట్టాడు.

ఒకరికొకరు చూపించుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం. తను గౌను ఎలా ఉంటుందో కూడా నాకు చెప్పకూడదనుకుంది. కానీ ఈ కౌగిలింత ట్రయల్ కోసం ఒప్పుకుంది. చూడకుండా ఉండాలనుకుంటే కనీసం వర్క్ ఎక్కడ ఉందో ఫొటో తీసి ఇద్దరికీ తెలిసిన ఒక స్నేహితురాలికి చూపించండి.

గౌను తలంబ్రాల దరిదాపులకి రాకూడదు. పసుపు బియ్యం తెల్ల నెట్టు మీద పడితే మరక వదలదు. పొద్దున పట్టుచీరలు, తర్వాత మధుపర్కాలు, తలస్నానం చేశాక సాయంత్రం గౌను. పసుపు కొట్టే వేడుక, మంగళస్నానం పెళ్లికి రెండు రోజుల ముందే ముగించండి. గోళ్లలో పసుపు మిగిలినా గౌనుకి అంటుతుంది.

హాల్లో గదులు

ఫంక్షన్ హాళ్లలో పెళ్లికూతురి గదికి పెద్ద అద్దం, ఏసీ, లైట్లు ఉంటాయి. పెళ్లికొడుకు గదిలో చాలాచోట్ల ఒక మంచం, చిన్న అద్దం, అంతే. బుక్ చేసేముందు రెండు గదులూ తెరిపించి చూడండి. రెండో గదికి అద్దం, లైట్లు ఏర్పాటు చేయమని ముందే చెప్పండి. ఒక్క మేకప్ అమ్మాయి ఇద్దర్నీ తయారుచేయాలంటే ముహూర్తం దాటిపోతుంది, అసిస్టెంట్‌తో రమ్మనండి. చీర కుచ్చిళ్లు ముందురోజు రాత్రే పెట్టించి ఇస్త్రీ చేయించి ఉంచితే పొద్దున హడావిడి సగం తగ్గుతుంది. పూలజడలు గుడిమల్కాపూర్‌లో ఆర్డర్ ఇచ్చేటప్పుడు "రెండు జడలు" అని మూడుసార్లు చెప్పండి. గాజులకి లాడ్ బజార్ తప్ప ఇంకోచోటికి వెళ్లకండి. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇద్దరి చేతులూ కొలిపించుకుని, చీరల ముక్క చూపిస్తే అంచులకి తగ్గట్టు జత కుదిర్చి ఇస్తారు.

బట్టలతో పాటే కాగితాలు

ఇది షాపింగ్ కాదు కానీ అదే నెలలో చేయండి. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది, మనలాంటివాళ్లు జాయింట్ ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని. బ్యాంకులో ఎవరైనా కాదంటే ఆ తేదీ చెప్పండి. నామినీ పేరు ఉన్నంత మాత్రాన ఆస్తి మనది అయిపోదు, అందుకే వీలునామా కూడా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, ఆస్తి దక్కేవాళ్లు సాక్షులు కాకుండా చూసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మేలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అలాంటి చికిత్స అవసరమైతే మన తరఫున ఎవరు మాట్లాడాలో మనమే రాసి పెట్టుకోవచ్చు. అక్కడ మీ తోడు పేరే రాయండి.

పెళ్లయ్యాక గౌనుని బీరువాలో పెట్టేయకండి, వారంలోపే డ్రైవాష్‌కి ఇవ్వండి. చెమట మరకలు అప్పుడు కనిపించవు, కొన్నాళ్లకి పసుపురంగుకి తిరుగుతాయి. పట్టుచీరలు ఉతికిన కాటన్ గుడ్డలో చుట్టి, జరీకి కలరా ఉండలు తగలకుండా పెట్టి, అప్పుడప్పుడు మడతలు మార్చండి.