ఇంటి నుంచి ట్యాలీ తెరుచుకోవడం లేదా? ముందు ఆఫీసు సిస్టం చూడండి

తిరుపతిలో చిన్న అకౌంట్స్ ఆఫీసు మాది. చంద్రగిరి, రేణిగుంట, పుత్తూరు నుంచి వచ్చే స్టాఫ్‌ను ఇంటి నుంచే పని చేయమన్నాం. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఆఫీసు సిస్టంలోనే ఉంటుంది; రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ సిస్టంకు కనెక్ట్ అయి, దాని తెరను ఇంట్లోనే చూస్తూ పని చేస్తారు. మొదట్లో ఏది ఆగినా వాళ్ల ఇంటి నెట్‌నే అనుమానించాం. ఎక్కువసార్లు లోపం మా దగ్గరే బయటపడింది.

సమస్య: పొద్దున కనెక్ట్ అయింది, మధ్యాహ్నం నుంచి కావడం లేదు

"అన్నా, ఇక్కడ నెట్ బాగానే ఉండాది, మీ దగ్గరే ఏమన్నా పోయిందేమో చూడు" అని పుత్తూరు నుంచి ఫోన్. వెళ్లి చూస్తే ఆఫీసు సిస్టం నడుస్తూనే ఉంది, రూటర్‌లో మాత్రం ఒక్క లైటూ లేదు. సిస్టంకు యూపీఎస్ పెట్టాం గానీ, రూటర్ గోడ ప్లగ్‌లోనే ఉండిపోయింది. కరెంటు పోగానే అదీ పోయింది.

రూటర్‌ను, ఫైబర్ బాక్సును కూడా యూపీఎస్‌కే కలపండి. ఆఫీసు సిస్టంలో స్లీప్‌ను 'నెవర్' చేయండి. కరెంటు తిరిగి రాగానే సిస్టం దానంతటదే ఆన్ అయ్యే ఆప్షన్ బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే సిస్టం సెట్టింగ్‌లలో) ఉంటుంది, అదీ పెట్టుకోండి.

సమస్య: రిమోట్ డెస్క్‌టాప్ ఆఫీసు లోపల పనిచేస్తుంది, బయటి నుంచి అస్సలు రాదు

రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు రూటర్‌కు ఉండే అడ్రసు) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే, నెట్ కంపెనీ ఒకే అడ్రసును చాలామందికి పంచుతోందని అర్థం. పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను రూటర్ ఆఫీసు సిస్టంకు పంపే సెట్టింగ్) ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (ఇంటి సిస్టంకూ ఆఫీసు సిస్టంకూ మధ్య ప్రైవేటు దారి వేసే ప్రోగ్రాం) వేసుకుంటే పని అవుతుంది.

మీకు సొంత స్టాటిక్ ఐపీ (మారని అడ్రసు) ఉన్నా సరే, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా నెట్‌కు తెరవొద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. తెరిచి ఉన్న ఆ పోర్టుల కోసం వెతికి, పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి చూసే ప్రోగ్రాములు రాత్రీపగలూ నడుస్తుంటాయి. ఒక్కటి తగిలిందంటే క్లయింట్ల లెక్కలన్నీ లాక్ చేసి డబ్బు అడుగుతారు. బ్యాకప్ కూడా అదే సిస్టంలో ఉంటే అదీ పోతుంది. రోజూ సాయంత్రం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ తీసి బీరువాలో పెట్టండి.

సమస్య: ఒకరు లాగిన్ అయితే ఇంకొకరు బయటికి వచ్చేస్తున్నారు

విండోస్ ప్రో ఒకసారికి ఒక్కరినే రానిస్తుంది. ఎవరి ఆఫీసు సిస్టంకు వాళ్లే కనెక్ట్ అవ్వాలి.

సమస్య: రిటర్న్ రెడీ, ఓటీపీ రాదు

నెలనెలా ఫైల్ చేసేవాళ్లకు 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్న్), 20న జీఎస్టీఆర్-3బి (పన్ను కట్టే నెలవారీ రిటర్న్) గడువు. ఓటీపీ వెళ్లేది క్లయింట్ నంబరుకు. ఆయన ఆరోజు కొండపైన దర్శనం క్యూలో ఉంటే, ఫోన్ కౌంటర్‌లో ఉంటుంది. ఇక టెన్షన్ మనకే. రెండు రోజుల ముందే ఫోన్ చేసి, ఓటీపీ చెప్పే టైమ్ అడిగి రాసిపెట్టుకోండి.