సూది గుచ్చకముందే చేసుకోవాల్సిన పనులు

18 ఏళ్లుగా ల్యాబ్‌లో రక్తం తీస్తున్నాను. కుర్చీలో కూర్చుని చేయి చాచినవారిని ముందు పేరు అడుగుతాను, తర్వాత “చివరిసారి ఎప్పుడు తిన్నారు?” అని, ఆ తర్వాత “పొద్దున ఏమైనా మాత్ర వేసుకున్నారా?” అని. ఈ చివరి ప్రశ్నకు చాలామంది వింతగా చూస్తారు. రిపోర్టులో అంకె తేడాగా కనిపిస్తే అందరి అనుమానమూ యంత్రం మీదకే పోతుంది. నేను చూసినంతలో ఆ తేడా చాలాసార్లు రక్తం యంత్రం దాకా వెళ్లకముందే పుడుతోంది. అందుకే షుగర్, థైరాయిడ్, హార్మోన్ పరీక్షలకు వెళ్లేవారికి ఇవన్నీ ముందే చెప్పాలని నా తపన.

మొదట ఏ పరీక్షలు అవసరమో తేల్చుకోండి. 70 అంకెలు వచ్చే ప్యాకేజీ చేయించుకుంటే నిశ్చింత అనుకుంటారు గానీ, దానితో కొత్త దిగులు పట్టుకున్నవారిని నేను ఎందరినో చూశాను. రిపోర్టులో పక్కన ముద్రించే మామూలు పరిధి సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఉండే హద్దు. అంటే ఏ జబ్బూ లేని 20 మందిలో ఒకరు ఆ హద్దు బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికైనా కనీసం ఒక్కటి గీత దాటే అవకాశం దాదాపు 64 శాతం. కాబట్టి మీ ఇబ్బంది ఏమిటో డాక్టరుకు చెప్పి, దాన్నిబట్టి పరీక్షలు రాయించుకోండి. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), రక్తకణాల లెక్క, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) కలిస్తే చాలామందికి మంచి పునాది. హార్మోన్ పరీక్షలు లక్షణాలు ఉన్నప్పుడే అర్థవంతం.

పరగడుపు అంటే కనీసం 8 గంటలు. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) కూడా చూస్తున్నారంటే 10 నుంచి 12 గంటలు. మంచినీళ్లు మాత్రం తప్పకుండా తాగండి. నీళ్లు కూడా మానేసి వచ్చినవారి నరం దొరకక రెండోసారి గుచ్చాల్సి వచ్చినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ముందురోజు మద్యం వద్దు, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ఒళ్లు పులిసేలా వ్యాయామమూ వద్దు, కండరాల నుంచి వచ్చే ఎంజైములు లివర్ పరీక్షలో ఎక్కువగా కనిపిస్తాయి. జ్వరంతో ఉంటే, అత్యవసరం కాకపోతే, వాయిదా వేయండి. ఒంట్లో బాగాలేనప్పుడు థైరాయిడ్ అంకెలు వాటంతటవే అటూ ఇటూ అవుతాయి.

మాత్రల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్‌లలో చాలావాటిని తిండి లేకుండా తీసుకోకూడదు కాబట్టి వాటి విషయం ముందురోజే డాక్టరును అడిగి పెట్టుకోండి. థైరాయిడ్ మాత్రను వెంట తెచ్చుకుని, రక్తం ఇచ్చాక వేసుకోండి. వేసుకున్న తర్వాత కొన్ని గంటలపాటు రక్తంలో టీ4 (థైరాయిడ్ హార్మోన్) పైకి లేస్తుంది, ఆ సమయంలో తీసిన రక్తం మీ రోజువారీ స్థితిని చూపదు.

అందరూ మరిచిపోయేది బయోటిన్ అనే విటమిన్. జుట్టు రాలుతోందని వేసుకునే గోళీల్లో ఎక్కువగా ఉండేది ఇదే. ఒకసారి ఒక యువతి రిపోర్టులో టీఎస్‌హెచ్ దాదాపు అడుగంటింది, ఫ్రీ టీ4 (రక్తంలో స్వేచ్ఛగా తిరిగే టీ4) బాగా ఎక్కువగా ఉంది. కాగితం చూస్తే థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తున్నట్టే. మళ్లీ రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆమె మణికట్టు పట్టుకుని చూశాను. నాడి నిమిషానికి 72. చాచిన వేళ్లలో వణుకు లేదు, అరచేతిలో చెమట లేదు, బరువు తగ్గలేదు. మనిషికీ కాగితానికీ పొంతన కుదరలేదు. ఏయే గోళీలు వేసుకుంటున్నారని గుచ్చి గుచ్చి అడిగితే, “అవి మందులు కావు కదండీ, విటమిన్లే” అంటూ సంచిలోంచి డబ్బా తీసింది. ఒక్కో గోళీలో 10 మిల్లీగ్రాముల బయోటిన్. పెద్దవారికి రోజుకు సరిపోయేది 30 మైక్రోగ్రాములే. చాలా యంత్రాలు థైరాయిడ్ హార్మోన్లను పట్టుకోవడానికి బయోటిన్‌నే గాలంలా వాడతాయి. రక్తంలోనే అది నిండుగా ఉంటే ఆ గాలం పనిచేయదు. టీఎస్‌హెచ్ తప్పుగా తగ్గినట్టూ, టీ4 తప్పుగా పెరిగినట్టూ వస్తాయి. ఆరోజు రక్తం తీయకుండా డాక్టరుతో మాట్లాడించి పంపాను. వారం ఆపి వచ్చాక రెండూ మామూలుగా ఉన్నాయి. ఆమెకు అవసరం లేని మందు మొదలయ్యేదే అని తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మోతాదు ఎక్కువగా ఉంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరును అడగండి. తక్కువలో తక్కువ రెండు రోజులైనా కావాలి.

హార్మోన్లకు గడియారమూ క్యాలెండరూ రెండూ ముఖ్యం. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌కు ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య రక్తం ఇవ్వాలి. తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి, ఒక్క అంకెతో నిర్ణయం వద్దు. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌కు సాధారణంగా ఉదయం 8 గంటల ప్రాంతం. స్త్రీలకు అండాశయాల పనితీరు చూపే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రాడయోల్ పరీక్షలు నెలసరిలో 2వ రోజు నుంచి 4వ రోజు లోపు చేస్తారు. అండం విడుదలైందో లేదో చూపే ప్రొజెస్టిరాన్‌కు 21వ రోజు అని అందరూ అంటారు, అది 28 రోజుల చక్రానికే సరిపోతుంది. మీ చక్రం 35 రోజులైతే 28వ రోజున రావాలి, ఎందుకంటే తర్వాతి నెలసరికి వారం ముందు అన్నదే అసలు లెక్క. పాలు పడేలా చేసే హార్మోన్ ప్రొలాక్టిన్ కంగారుకే పెరిగిపోతుంది. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవారిని నేను కొంతసేపు కూర్చోబెట్టాకే తీస్తాను. మీరూ ఆ విరామం అడిగి తీసుకోండి.

ఇక కుర్చీలో. పిడికిలి ఒకసారి మూస్తే చాలు. నరం కనబడాలని పదేపదే మూసి తెరిస్తే పొటాషియం తప్పుగా పెరుగుతుంది. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటితే వదులు చేయమని నిస్సంకోచంగా చెప్పండి. గొట్టాల మూతలనూ గమనించండి: షుగర్‌కు సాధారణంగా బూడిద రంగు, హెచ్‌బీఏ1సీకి ఊదా రంగు, హార్మోన్లకు ఎరుపు లేదా పసుపు. ఈ రంగుల విలువ నాకు మా నాన్న రక్తంతో తెలిసివచ్చింది. ఇంటికి వచ్చి తీసుకెళ్లినవారు బూడిద రంగు గొట్టం తేలేదు. షుగర్‌కూ ఎరుపు గొట్టమే వాడి, దాన్ని సంచిలో వేసుకుని ఎండలో నాలుగు గంటలు తిరిగారు. రక్తకణాలు గొట్టంలోనూ గ్లూకోజును తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా; దాన్ని అడ్డుకునే మందు ఉండేది బూడిద రంగు గొట్టంలోనే. పరగడుపు షుగర్ 98 అని వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు. హెచ్‌బీఏ1సీ మాత్రం 6.8. రెండూ ఒకే మనిషివి ఎలా అవుతాయి? మర్నాడు నేనే బూడిద రంగు గొట్టంలో తీసి, వెంటనే పరీక్షకు పెట్టాను. 131 వచ్చింది. నాన్నకు వైద్యం అప్పుడు మొదలైంది.

రిపోర్టు చదివేటప్పుడు ఇలా అంకెలను జంటగా చూడండి. పరగడుపు షుగర్ 100 లోపు మామూలు, 126 నుంచి మధుమేహం. హెచ్‌బీఏ1సీ 5.7 లోపు మామూలు, 6.5 నుంచి మధుమేహం. ఇది గత రెండు మూడు నెలల సగటును చూపుతుంది కానీ, ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే ఎక్కువగా కనిపించవచ్చు. అందుకే హిమోగ్లోబిన్‌ను పక్కన పెట్టుకుని చదవాలి. టీఎస్‌హెచ్‌కు చాలా ల్యాబ్‌ల హద్దు సుమారు 0.4 నుంచి 4 వరకు. గర్భిణులకు ఆ హద్దు వేరు, ఆ మాట ల్యాబ్‌లో తప్పక చెప్పండి. టీఎస్‌హెచ్ రాత్రి ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కాబట్టి పోయినసారి ఉదయం ఇచ్చి ఉంటే ఈసారీ ఉదయమే ఇవ్వండి, వీలైతే అదే ల్యాబ్‌లో.

మళ్లీ ఎప్పుడు? థైరాయిడ్ మాత్ర మోతాదు మారాక 6 నుంచి 8 వారాలకు. అంతకుముందు చూస్తే టీఎస్‌హెచ్ ఇంకా కుదురుకుని ఉండదు. హెచ్‌బీఏ1సీ అయితే మూడు నెలలకు. ప్రతి రిపోర్టు మూలన రక్తం ఇచ్చిన సమయం, చివరిసారి తిన్న సమయం, నెలసరిలో ఎన్నో రోజు, వేసుకుంటున్న మాత్రలు మీ చేత్తో రాసి పెట్టండి. నాన్న దస్త్రంలో నేను అలాగే రాస్తున్నాను, చూసే డాక్టరు అంకెలకన్నా ముందు ఆ మూలనే చదువుతారు.