సొంత వెబ్‌సైటును నలుగురి ముందు పెట్టే ముందు

చేత్తో రాసుకున్న హెచ్‌టీఎంఎల్ పేజీలు మన కంప్యూటర్లో ముద్దుగానే కనిపిస్తాయి. వాటిని అందరికీ అందించే కంప్యూటరుకు, అంటే సర్వర్‌కు ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

• ప్రతి పేజీ తలభాగంలో యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనూ భద్రపరిచే పద్ధతి) అని ప్రకటించండి, ఫైలును కూడా అందులోనే భద్రపరచండి. లేదంటే తెలుగంతా పిచ్చిగీతలవుతుంది.

• ఫైలు పేర్లు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. విండోస్ సాధారణంగా పెద్ద, చిన్న అక్షరాలను ఒకటిగానే చూస్తుంది. లైనక్స్ సర్వర్ వేరుగా చూస్తుంది. ఇంట్లో పనిచేసిన లింకు అక్కడ తెగిపోవడానికి తరచూ ఇదే కారణం. తెలుగు పేర్లూ పెట్టవచ్చు కానీ, ఆ లింకును కాపీ చేస్తే ఒక్క ‘క’ తొమ్మిది గుర్తులుగా మారవచ్చు. తెలుగు వికీపీడియా లింకులు పంపుకునేవారికి ఆ పొడవాటి తోక బాగా తెలుసు.

• అచ్చు పని కోసం వాడిన పాత డీటీపీ ఫాంట్లలోని వ్యాసాలను, అన్ని లిపులకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు దిద్దినంత శ్రద్ధగా చదవండి. వత్తులు తారుమారయ్యేది ఈ మార్పిడిలోనే.

• వరుసల మధ్య ఎడం పెంచండి. ఇంగ్లిషుకు సరిపోయే ఎడం మన గుడులకూ వత్తులకూ చాలదు.

• ఫోనుతో తీసిన ఫొటోల్లో మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు దాగి ఉండవచ్చు. తొలగించాకే పెట్టండి.

• ఇతరుల కవితలు, కథలు పెడుతున్నారా? మన దేశంలో కాపీరైటు రచయిత మరణానంతరం 60 ఏళ్లు ఉంటుంది. ‘సౌజన్యం’ అని రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు.

• డొమైన్ (వెబ్‌సైటు చిరునామా) మీ పేరిట, మీ ఈమెయిల్‌తోనే కొనండి. సాయం చేసిన మేనల్లుడి ఖాతాలో ఉంటే గడువు హెచ్చరికలు అతనికే వెళతాయి.

• మొత్తం ఫోల్డరుకు ఒక నకలు వేరే డిస్కులో ఉంచండి.