ఒక్కళ్ళమే ఉన్నా స్పోకెన్ ఇంగ్లీష్ ప్రాక్టీస్ చేసుకోవడం ఎలా

నేను డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పాసివ్ వాయిస్‌లోకి మార్చమంటే టకటకా మార్చేవాణ్ణి గానీ ఎవరైనా ఎదురుగా నిలబడి వేర్ ఆర్ యూ ఫ్రమ్ అంటే నోరు ఎండిపోయేది. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరా, బ్యాచ్‌లో 60 మంది, నా వంతు వచ్చేసరికి గంట అయిపోయేది. నోరు తిరగాలంటే మాట్లాడాలి, మాట్లాడ్డానికి మనిషి దొరకట్లేదు, ఇంక మనతో మనమే మాట్లాడుకోవాలి.

ముందు సిగ్గు సంగతి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని డాబా ఎక్కేయండి, ఎవరు చూసినా కాల్ మాట్లాడుతున్నాడనుకుంటారు. కాకపోతే సైలెంట్‌లో పెట్టడం మర్చిపోవద్దు, నేను ఇంగ్లీష్ దంచేస్తుండగా చెవి దగ్గరే నిజంగా మా అమ్మ ఫోన్ మోగింది, పక్కన బట్టలారేస్తున్న ఆంటీ చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

పెద్ద టాపిక్‌ల జోలికి పోకండి. గ్లోబల్ వార్మింగ్ గురించి తెలుగులోనే రెండు నిమిషాలు మాట్లాడలేం. చేతిలో ఉన్న పని చెప్పండి చాలు, గిన్నెలు తోముతుంటే ఐ యామ్ వాషింగ్ ది ప్లేట్స్, దిస్ వన్ ఈజ్ స్టిల్ ఆయిలీ, ఇలా. పడుకునే ముందు ఆ రోజు జరిగింది చెప్పుకుంటే పాస్ట్ టెన్స్ వస్తుంది, పొద్దున్నే ఇవాళ్టి పనులు చెప్పుకుంటే ఫ్యూచర్. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు, పెదాలు కదలాలి, సౌండ్ బయటికి రావాలి.

అసలు మనం ఎక్కడ ఆగిపోతామో చెప్తా. నేను నిన్న ఫ్రెండ్‌తో స్టేషన్‌కి వెళ్ళా అంటాం, వెళ్ళా అన్నది ఆఖర్న వస్తుంది. ఇంగ్లీష్‌లో ఎవరు అన్న వెంటనే ఏం చేశారో వచ్చేయాలి. తెలుగు వాక్యం మొత్తం తలలో కట్టుకుని తర్వాత మార్చుదామంటే ఆ చివరి మాటని లాక్కొచ్చి ముందు పెట్టాలి, మన అ... అ... అన్నీ అక్కడే. అందుకని ముందు ఐ వెంట్ అనేయండి. తర్వాత టు ద స్టేషన్. విత్ మై ఫ్రెండ్. యెస్టర్‌డే. రైలుకి బోగీలు తగిలించినట్టు ఒక్కొక్కటీ. ఇంకోటి, నాన్న వచ్చారు అని మర్యాదగా అనే అలవాటు వల్ల నేను చాన్నాళ్ళు మా నాన్నని దే అనేవాణ్ణి, ఆయన ఒక్కరే కాబట్టి హీ.

మాట గుర్తురాకపోతే డిక్షనరీ తీయొద్దు, చుట్టూ తిరిగి చెప్పండి. అట్లకాడని ఏమంటారో తెలీదా, ద థింగ్ యూ టర్న్ ఎ దోశ విత్. అయ్యాక చూసుకోండి. కొన్నిటికైతే చూసినా దొరకదు, ఈయన ఎన్నో ప్రధానమంత్రి అని ఇంగ్లీష్‌లో సూటిగా అడిగి చూడండి, ఆ ఎన్నో అన్నదానికి అక్కడ సరైన మాటే లేదు, అందులో మన తప్పేం లేదు.

వారం గడిచాక టైమర్ పెట్టండి. పాల్ నేషన్ అనే న్యూజిలాండ్ ప్రొఫెసర్ 1989లో ఈ 4-3-2 పద్ధతి గురించి రాశారు, ఒకే విషయాన్ని ముందు 4 నిమిషాలు, తర్వాత 3, తర్వాత 2 నిమిషాల్లో చెప్పాలి. అసలు పద్ధతిలో ముగ్గురు వేర్వేరు మనుషులకి చెప్పాలి, మనకి ఫోన్ రికార్డరే గతి. మూడోసారికి మాటలు వాటంతట అవే దొర్లుతాయి. ఆ మూడో రికార్డింగ్ మాత్రం వినండి, రోజుకి ఒక్క తప్పే పట్టుకోండి, అన్నీ పట్టుకుంటే రెండో రోజే మానేస్తాం. నాకు ముందు దొరికింది ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్, ఐ హ్యావ్ అని నోటికి ఎక్కడానికి పది రోజులు పట్టింది.

దీంట్లో లోటు కూడా ఉంది, సరిదిద్దేవాళ్ళుండరు. కొంతవరకు ఫోన్ కీబోర్డ్‌లో వాయిస్ టైపింగ్ ఆ పని చేస్తుంది, ఇంగ్లీష్ పెట్టి మాట్లాడి ఏం పడిందో చూడండి. మొత్తం వాక్యం చెప్తే అదే ఊహించేసి సరిగ్గా రాసేస్తుంది కాబట్టి ఒక్కో మాటే చెప్పండి. పడమర అనే వెస్ట్, బనియన్ అనే వెస్ట్ తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం, ఒకేలా పలుకుతాం. పడమరకి పెదాలు సున్నాలా చుట్టాలి, పళ్ళు తగలకూడదు. బనియన్‌కి పైపళ్ళు కింది పెదవికి తగలాలి. అద్దం ముందైతే తేడా కనిపిస్తుంది.