సీటీ స్కాన్‌లో క్లోమం (ప్యాంక్రియాస్) దొరకట్లేదా? సిరను పట్టుకోండి

శ్రీకాకుళం, విజయనగరం మెడికల్ కాలేజీల్లో సీటీ చూడటం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. క్లోమాన్ని నేరుగా వెతకకండి. అది ఏటవాలుగా ఉంటుంది, ఒక్క స్లైస్‌లో (స్కాన్ చూపే ఒక అడ్డకోత చిత్రంలో) మొత్తం దొరకదు. ముందు ప్లీహం దగ్గర స్ప్లీనిక్ వెయిన్‌ను (ప్లీహం నుంచి వచ్చే సిరను) పట్టుకుని కాలేయం వైపు రండి. ఆ సిరకు ముందు ఆనుకుని ఉన్నదే క్లోమం తోక, ఆ తర్వాత దాని బాడీ (నడిమి భాగం). ఆ సిర సుపీరియర్ మెసెంటెరిక్ వెయిన్‌తో (పేగుల నుంచి వచ్చే పెద్ద సిరతో) కలిసే చోట, దానికి ముందున్నది మెడ. అక్కడి నుంచి కిందికి స్క్రోల్ చేస్తే డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) ఒంపులో తల కనిపిస్తుంది. తలలో వెనక చుక్క బైల్ డక్ట్ (పైత్యరస నాళం), ముందు చుక్క గ్యాస్ట్రోడుయోడినల్ ఆర్టరీ (ఒక ధమని). ఈ రెండూ సరిహద్దు రాళ్లు. తల కింది భాగం మెసెంటెరిక్ సిర వెనక్కి దూరుతుంది, అదే అన్‌సినేట్ ప్రాసెస్ (కొక్కెంలాంటి భాగం). దాన్ని పేగు అనుకుని వదిలేయకండి, దయచేసి.

ఉద్దానం నుంచి వచ్చినవాళ్లకైతే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టత కోసం ఎక్కించే మందు) ఇవ్వొద్దు. అక్కడి కిడ్నీ జబ్బుల సంగతి మనకు తెలిసిందే కదా. క్లోమంలోని డక్ట్ (నాళం) ఒక్కటే చూడాలంటే ఎమ్మార్‌సీపీ (నాళాలను చూపే ఎమ్మారై స్కాన్) ఉంది, దానికి కాంట్రాస్ట్ అక్కర్లేదు.